మసీదు మెట్లెక్కిన జిమ్!

పొద్దున్నే యాకుత్‌పురా గల్లీల్లో నడుస్తుంటే ముందుగా పలకరించేది చాయ్ వాసనే. గంటలకొద్దీ మరిగిన డికాక్షన్, చిక్కటి పాలు, చేయి తిరిగినంత చక్కెర... పక్కన ఉస్మానియా బిస్కట్. రోజుకు నాలుగైదుసార్లు ఇదే తంతు. ఇక పెళ్లంటారా... ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా లేకపోతే అది పెళ్లే కాదు!

తిండిని తప్పుపట్టడం తేలికే. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 'షుగర్ రాకుండా ఉండాలంటే రోజూ అరగంట నడవండమ్మా' అంటారు డాక్టరు. ఎక్కడ నడవాలి? రెండు ఆటోలు ఎదురైతే కదలని గల్లీలాయె! పగలంతా నేలమీద కూర్చుని జరీ పనో కుట్టుపనో చేసుకునే ఆడవాళ్లకు వీధిలో చకచకా నడిచే వీలెక్కడిది? నడకను చీటీలో రాయడం సులువు, చోటు చూపించడమే కష్టం.

ఆ చోటు చూపించిందో మసీదు. రాజేంద్రనగర్ ప్రాంతంలోని వాదీ-ఎ-మహమూద్‌లో ఉన్న మసీదు-ఎ-ముస్తఫాలో 2021లో మహిళల కోసమే జిమ్ తెరిచారు. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవ అది. బస్తీల్లో ఆ సంస్థ చేసిన సర్వేలో సగంమందికి పైగా మహిళలకు మధుమేహం, గుండెజబ్బుల ముప్పు కనిపించిందట. మందులివ్వడమొక్కటే చాలదని వ్యాయామానికి దారి వెతికారు. మసీదంటే ఇంట్లోవాళ్లూ అడ్డుచెప్పరు. మహిళా ట్రైనర్ ఉంటారు కాబట్టి బిడియమూ ఉండదు. నవాబ్‌సాహెబ్‌కుంటలోని మసీదు-ఎ-ఇస్హాక్‌లో ఇదే సంస్థ అంతకుముందే ఆరోగ్యకేంద్రం పెట్టింది. అన్ని మతాలవాళ్లకూ అక్కడ ప్రవేశం ఉంది.

బయటివాళ్లు వచ్చి చెబితే వినని మాట మనవాళ్లు చెబితే వింటాం. కెనడాలో మాంట్రియల్ పక్కనున్న కానవాకేలో మోహాక్ తెగవాళ్లదీ ఇదే అనుభవం. 1980ల్లో అక్కడి డాక్టర్లు మధుమేహం లెక్కలు చూపించగానే, 'మా సంగతి సరే, పిల్లల్ని కాపాడేదెలా?' అన్నారు పెద్దలు. 1994లో బడుల్లో మధుమేహ నివారణ కార్యక్రమం మొదలైంది. పిల్లలకు ఆరోగ్యపాఠాలు చెప్పారు. బడిలో ఏం తినాలో నియమాలు పెట్టారు. నడవడానికి ప్రత్యేకంగా బాట వేసుకున్నారు. పరిశోధకులతోపాటు ఊరివాళ్లూ కూర్చుని నిర్ణయాలు తీసుకున్నారు.

ఇంతా చేస్తే ఫలితం ఉంటుందా? ఉంటుంది. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనమే సాక్ష్యం. మధుమేహం అంచున ఉన్న 531 మందిని తీసుకుని కొందరికి తిండి, నడక మార్పించారు. మామూలు సలహాలతో సరిపెట్టినవాళ్లతో పోలిస్తే వాళ్లలో జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. విచిత్రమేంటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు! 'సన్నబడలేదు కదా, ఇక నడకెందుకు' అని మానేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అంచున ఉన్నవాళ్లు కొద్దిమందేం కాదు. ఐసీఎంఆర్ తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మధుమేహులు 11.4 శాతం ఉంటే, ఆ దారిలో ఉన్నవాళ్లు 15.3 శాతం. వీరిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. దాహం, నీరసం వచ్చాక చూపించుకుందాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం కావచ్చు. రక్తపరీక్ష కోసం పెద్దాసుపత్రి దాకా వెళ్లక్కర్లేదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చేస్తారు.

అంతకన్నా ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. కుట్టుమిషన్ ఉన్న ఇంట్లో టేపు ఎలాగూ ఉంటుంది. ఊపిరి వదిలి, పక్కటెముకల చివరకూ తుంటి ఎముకకూ నడిమధ్యన చుట్టూ కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే మర్నాడు పొద్దున చాయ్ తాగకముందే రక్తపరీక్షకు బయల్దేరాలి.