హైవే దిగితే దొంకే!

బైక్ ఉన్న ప్రతి కుర్రాడి ఫోన్‌లో ఒక ఫోల్డర్ ఉంటుంది. లద్దాఖ్, స్పితి, జన్‌స్కార్... సేవ్ చేసుకున్న రీల్స్. నాకూ ఉంది, మూడేళ్లుగా. లీవ్ పెడదామనుకున్నప్పుడల్లా రిలీజ్ డేట్ అడ్డం పడుతుంది. నాకు లీవ్ దొరికితే ఫ్రెండ్స్‌కి దొరకదు. అందరికీ దొరికిన ఏడాది ఒకడికి పెళ్లి కుదిరింది! ఇలా కాదని ఈ జులైలో మేం నలుగురం ఒక శనివారం ఖాళీ చేసుకున్నాం. హైదరాబాద్–విజయవాడ హైవే మీద రోజూ వేల మంది దాటిపోయే నందిగామలో పొద్దున్నే ఐదున్నరకి టీ తాగి, తారు రోడ్డు ఎంత తక్కువ తగిలితే అంత మంచిదని బయల్దేరాం. చందర్లపాడు, గుడిమెట్ల, వేదాద్రి, ముక్త్యాల, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు... తిరిగి నందిగామ. ట్రిప్ మీటర్‌లో 112 కిలోమీటర్లు. పట్టిన టైమ్ పన్నెండు గంటలు. కారులో అయితే ఇదే చుట్టు మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుంది.

కృష్ణా జిల్లా అంటే మీకేం కనిపిస్తుంది? వరి చేలు, నిండు కాలువలు, కొబ్బరి చెట్లు. కదా? అది డెల్టా. ఇక్కడంతా మెట్ట. కాగితాల మీద 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, పెద్దవాళ్ల నోట ఇంకా కృష్ణా జిల్లానే. పైన నల్లరేగడి, దాని మీద పత్తి, మిర్చి. కింద సున్నపురాయి. అందుకే జగ్గయ్యపేట చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు. ఆ సిమెంట్ పక్కనే ఉన్న పొలాల దాకా మాత్రం రాలేదు. మా సరదాకి అది అదృష్టమే. అక్కడ వ్యవసాయం చేసేవాళ్లని అడిగితే వేరేలా చెప్తారు.

ఇక దొంక సంగతి. సిటీలో పెరిగిన ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా: పొలాల మధ్య నుంచి బండ్లు పోవడానికి వదిలిన మట్టి దారే దొంక. గోదావరి వైపు పుంత అంటారు. ఎడ్లబండ్ల కాలంలో పుట్టింది, ఇప్పుడు ట్రాక్టర్లు వాడుతున్నాయి. రెండు చక్రాల గాడులు, మధ్యలో గడ్డి, అటూ ఇటూ ముళ్లకంప. 'గాడి తప్పడం' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో దొంకలో బైక్ నడిపితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒక గాడి పట్టుకున్నాక దాంట్లోనే పోవాలి. పక్క గాడి బాగుంది కదా అని హ్యాండిల్ తిప్పారో, ముందు చక్రం అంచుకి తగులుతుంది, మీరు కంపలో ఉంటారు. ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంక్ నొక్కి పట్టుకుని, చూపు చక్రం ముందు కాకుండా ఇరవై అడుగుల అవతల పెట్టుకోవాలి. ముందు బ్రేక్ జోలికి వీలైనంత వెళ్లకూడదు. ఇదంతా యూట్యూబ్‌లోనూ ఉంటుంది. యూట్యూబ్‌లో లేనిది రేగడి.

మా బళ్ల గురించి చెప్తేగానీ రేగడి సంగతి అర్థం కాదు. ఒకడిది హిమాలయన్ 411. నాది ఎక్స్‌పల్స్ 200. ఇంకొకడిది కాలేజీ రోజుల నాటి పల్సర్. నాలుగోవాడిది వాళ్ల నాన్నగారి స్ప్లెండర్. వాడిది ఈ చుట్టుపక్కల ఊరే, ఆ బండి రోజూ పొలం వెళ్లేదే. పేర్లెందుకు, బండి పేరుతోనే పిలుచుకుందాం. హిమాలయన్ బరువు 199 కిలోలు. స్ప్లెండర్ 112. ఎండిన దొంకలో ఆ తేడా ఎలా కనిపిస్తుందంటే, స్ప్లెండర్ వాడు ముందు వెళ్లిపోయి వేపచెట్టు కింద కూర్చుని మా కోసం ఎదురుచూస్తుంటాడు. గుంతలో పడితే కాలు కింద పెట్టి బండిని పక్కకి జరిపేసుకుంటాడు. హిమాలయన్ పడితే లేపడానికి ముగ్గురం కావాలి. గ్రౌండ్ క్లియరెన్స్, సస్పెన్షన్ ట్రావెల్ అన్నీ నిజమే. కానీ గాడిలోంచి బండిని ఎత్తాల్సింది మన నడుమే.

అయితే ముందు రోజు వాన పడిన చోట కథ మారింది. రేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. తడి రేగడి జారుతుందని అందరికీ తెలుసు. జారడం కంటే అంటుకోవడం పెద్ద సమస్య. చక్రం ఒక్కో చుట్టుకీ ఒక్కో పొర మట్టిని ఎత్తుకుంటుంది. ఆ మట్టి మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య ఇరుక్కుని గట్టిపడుతుంది. కాసేపటికి చక్రం తిరగదు. డర్ట్ బైకులకి ముందు మడ్‌గార్డ్ టైరుకి అంత ఎత్తులో, పక్షి ముక్కులా ఎందుకు పెడతారో నాకు అప్పటిదాకా స్టయిల్ లానే అనిపించేది. పల్సర్, స్ప్లెండర్ రెండూ నూరు గజాలకోసారి ఆగాయి. స్ప్లెండర్ వాడు సీటు కింద నుంచి ఒక చిన్న ఇనుప బద్ద తీసి, రెండు నిమిషాల్లో మట్టి గీకేసి మళ్లీ స్టార్ట్ చేశాడు. ఆ బద్ద వాళ్ల నాన్నగారిది. వేల రూపాయల టూల్‌కిట్ మోసుకొచ్చిన హిమాలయన్ వాడు దాన్ని అడిగి తీసుకున్నాడు.

చందర్లపాడు దాటాక ఒక దొంకలో బురద మరీ ఎక్కువగా ఉంది. పక్కనే చేను. చేలోంచి రెండు మూడు టైరు గుర్తులు బురదని తప్పించుకుంటూ వెళ్లి మళ్లీ దొంకలో కలుస్తున్నాయి. ముందెవరో వెళ్లారు. పల్సర్ వాడు హ్యాండిల్ అటు తిప్పబోతుంటే స్ప్లెండర్ వాడు బండి అడ్డం పెట్టాడు. "చూడరా, గింజ పెట్టారు." మాకేం కనపడలేదు. నల్లటి నేల, అంతే. వంగి చూస్తే వరసలు. ఆ వరసల మీదుగానే టైరు గుర్తులు.

ఇంతలో చేను ఆసామే వచ్చాడు, భుజాన తువ్వాలు, చేతిలో నీళ్ల బాటిల్. తిడతాడనుకున్నాం. "ఆ గుర్తులు మీవేనా బాబూ?" అన్నాడు. "కాదు బాబాయ్, ఇప్పుడే వచ్చాం" అన్నాడు మావాడు, ఊరి పేరు, ఇంటి పేరు చెప్పి. ఆయన ముఖం కొంచెం వదులైంది. "మొన్న ఆదివారం ఎవరో ఏడెనిమిది బళ్ల మీద వచ్చారంట. నేను లేను. మళ్లీ మనుషుల్ని పెట్టి గింజలేయించాలి" అన్నాడు. 475 గ్రాముల పత్తి విత్తనాల ప్యాకెట్ తొమ్మిది వందల రూపాయల దాకా ఉంది. ఎకరానికి రెండు పడతాయి. కూలి వేరే. అసలు నష్టం అది కూడా కాదంటాడాయన: వాన పడ్డాక మూడు నాలుగు రోజుల్లో గింజ పడాలి, ఆ పదును పోతే పోయినట్టే. బండి దిగి, దొంకలోనే బురదలో నలుగురం కలిసి ఒక్కో బండినీ నెట్టుకుంటూ పోయాం. అరకిలోమీటరుకి గంటన్నర. ఆయన వెనకే వచ్చి హిమాలయన్‌ని తనూ నెట్టాడు. "ఇంత బరువు బండి దేనికి బాబూ?" అని అడిగాడు కూడా. మావాడి దగ్గర జవాబు లేదు.

గుడిమెట్ల దగ్గర వేరే రకం అడ్వెంచర్. తొలకరి పడగానే ఇక్కడికి ఎక్కడెక్కడి నుంచో జనం వజ్రాల కోసం వస్తారు. వాన మట్టిని కడిగితే రాయి బయటపడుతుందని ఆశ. ఆశకి ఆధారం లేకపోలేదు. ఈ కృష్ణ ఒడ్డునే అవతల ఉన్న కొల్లూరు గనుల్లోనే కోహినూర్ దొరికిందని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. మేం వెళ్లినప్పుడు కూడా కొంతమంది నేల వంక చూస్తూ మెల్లగా నడుస్తున్నారు. భార్యాభర్తలు, పిల్లలు, టిఫిన్ క్యారేజీలు. మాతో మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. కళ్లెత్తితే వజ్రం మిస్సవుతుందేమో!

వేదాద్రిలో యోగానంద నరసింహస్వామి దర్శనం, కృష్ణలో కాళ్లు కడుక్కోవడం, పులిహోర. అక్కడ సుఖంగానే ఉంది కాబట్టి రాయడానికి ఏం లేదు.

ముక్త్యాల దగ్గర మాత్రం ఆగాలి. ఇక్కడి రాజా, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్, నాగార్జునసాగర్ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగిన మనిషి. 1952లో ఖోస్లా కమిటీ వచ్చినప్పుడు నందికొండ దాకా కార్లు పోయే దారి లేదన్నారట. రాజా చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని కూడగట్టి రోజుల్లో మట్టి దారి వేయించి కమిటీని తీసుకెళ్లారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు. ఆ మట్టి దారి కథ విన్నాక మేం ఎక్కింది ఏంటంటే, అదే సాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే బ్రాంచి కాలువ కట్ట. రోజు మొత్తంలో బెస్ట్ రైడింగ్ అదే. కాలువలో ఇంకా నీళ్లు వదల్లేదు. గట్టి మొరం, వెడల్పు కట్ట, ఒకవైపు ఖాళీ కాలువ, మరోవైపు పచ్చగా లేస్తున్న పెసర చేలు. థర్డ్ గేర్‌లో నిలబడి పోతుంటే మాలో ఎవరూ స్పితి మాట ఎత్తలేదు.

జగ్గయ్యపేటలో భోజనం అయ్యాక ధనబోడు ఎక్కాం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం ఇది. ఇక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో మేఘాల నుంచి నాణేలు వానలా రాలుతుంటాయి. పొద్దున గుడిమెట్లలో చూసినవాళ్లు గుర్తొచ్చారు.

మధ్యాహ్నం మూడు దాటాక, వత్సవాయి వైపు వెళ్తుంటే ఒక వాగు అడ్డం వచ్చింది. చప్టా మీద నుంచి ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. చూడ్డానికి మోకాలి లోతు కూడా లేదు. అవతలి ఒడ్డు పాతిక అడుగులు. ఇలాంటి చోటే రీల్ వస్తుంది, తెలుసు కదా, రెండు వైపులా నీళ్లు చిమ్ముతూ స్లోమోషన్‌లో! హిమాలయన్ వాడు అప్పటికే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయన కర్ర ఊపాడు. "ఈ నీళ్లు పొద్దున లేవయ్యా. పైనెక్కడో పడ్డాయి. ఇంకా వస్తాయి."

మా నెత్తిన మబ్బు కూడా లేదు. కానీ ఈ వాగులు, మున్నేరు అన్నీ పైనుంచి, ఖమ్మం వైపు నుంచి వచ్చేవే. అక్కడ కురిస్తే ఇక్కడ ఎండలో వరద వస్తుంది. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చేస్తే లారీలు, బస్సులు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నాలుగు లేన్ల రోడ్డునే ఆపిన నీళ్లు! వేగంగా పారే నీళ్లు అరడుగు లోతుంటే చాలు, నిలబడ్డ మనిషిని పడేస్తాయి. అడుగు లోతు చిన్న కారుని కదిలిస్తుంది. బైక్‌కి ఉన్నవి రెండు సన్న చక్రాలు. పైగా చప్టాకి రెయిలింగ్ లేదు, బురద నీళ్లలో అంచు ఎక్కడుందో కనపడదు. పది నిమిషాలు ఆగి చూశాం. ఒడ్డున ఉన్న ఒక తెల్లరాయి మునిగిపోయింది. వెనక్కి తిరిగాం. 14 కిలోమీటర్లు చుట్టు. హిమాలయన్ వాడు పెనుగంచిప్రోలు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తిరుపతమ్మ గుడి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాక మామూలయ్యాడు.

సాయంత్రం నందిగామలో అసలు గొడవ మొదలైంది. నేను రోజంతా ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ రికార్డ్ చేశాను. గూగుల్ మ్యాప్స్‌లో ఈ దొంకల్లో చాలావాటికి గీత కూడా లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెడితే మంచిదే కదా అని నా ఆలోచన. పల్సర్ వాడు సరే అన్నాడు. మ్యాప్ ఎక్కితే ఎప్పటికైనా కంకర పడుతుందని వాడి ఆశ. స్ప్లెండర్ వాడు ఒప్పుకోలేదు. ఊరి సర్వే మ్యాపులో దొంక ఎప్పట్నుంచో ఉందట. ఉన్నా ఏం లాభం అంటాడు. రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైందే ఈ జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో, 2020 డిసెంబరు 21న. డ్రోన్లతో కొలిచారు, రాళ్లు పాతారు. వాళ్ల దొంక మాత్రం ఏటా రెండు వైపుల నుంచీ నాగలి సాలు సాలు చొప్పున తగ్గుతూనే ఉంది. ఒకప్పుడు రెండు బండ్లు ఎదురెదురు తప్పుకునే చోట ఇప్పుడు ఒక్క ట్రాక్టర్ కష్టంగా పడుతుంది. అందులో వారం వారం పది బైకులు దిగి, బురద ఉన్నప్పుడల్లా చేలోకి ఎక్కితే?

చివరికి కాలువ కట్టలు, ఊరి నుంచి ఊరికి వెళ్లే మట్టి రోడ్లు మాత్రం మ్యాప్‌లో పెట్టాను. పొలాలకి వెళ్లే దొంకలు తీసేశాను. కాబట్టి ఇన్‌బాక్స్‌లో ఫైల్ అడగొద్దు, ప్లీజ్. వెళ్లాలనుకుంటే ఆ ఊళ్లో ఎవరినైనా ముందు అడగండి. దారి చెప్తారు, ఏ దారి వద్దో కూడా చెప్తారు.

"పోనీ ఏ సీజన్‌లో రావచ్చో నువ్వే చెప్పరా" అన్నాడు పల్సర్ వాడు.

"ఇప్పుడు విత్తనాలు. అక్టోబరు నుంచి పత్తి తీతలు. సంక్రాంతి దాటితే మిర్చి కోతలు, కల్లాలు. మేలో రండి. అప్పుడెవరికీ ఇబ్బంది ఉండదు."

"మేలో ఇక్కడ 44 డిగ్రీలు రా!"

"అందుకే చెప్తున్నా" అన్నాడు స్ప్లెండర్ వాడు, టీ గ్లాస్ పక్కన పెడుతూ.