స్వయంచాలిత నగర రవాణాలో మార్గ నిర్ణయం

డ్రైవరు లేకుండా, ప్రత్యేక మార్గంపై నడిచే చిన్న వాహనాలను ఏ దారిన, ఎప్పుడు పంపవలెనో తేల్చే గణిత పద్ధతులే మార్గ నిర్ణయ నమూనాలు. ఇటువంటి వ్యవస్థలలో తొలితరానికి చెందినది అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, మోర్గన్‌టౌన్ పట్టణంలో 1975లో ప్రారంభమైంది. అందులో 5 స్టేషన్లు ప్రధాన మార్గానికి పక్కగా ఉండుటచే వాహనం మధ్యలో ఆగకుండా గమ్యం చేరగలదు.

అతి తక్కువ దారి

స్టేషన్లను బిందువులుగా, వాటిని కలిపే మార్గాలను రేఖలుగా, ప్రయాణ కాలాన్ని రేఖల విలువగా తీసుకుంటారు. అతి తక్కువ కాలం పట్టే దారిని 1959లో డైక్‌స్ట్రా ప్రచురించిన పద్ధతితో కనుగొనవచ్చు.

ఖాళీ వాహనాల పంపకం

అసలు చిక్కు ఖాళీ వాహనాలతోనే. ఉదయం అందరూ ఒకే దిక్కుకు పోవుటచే అవి ఒకచోట పోగుపడతాయి.

ఉదాహరణకు క, ఖ అనే ఖాళీ వాహనాలు చ, జ స్టేషన్లకు కావాలనుకుందాం. క నుండి చ కు 1 నిమిషం, జ కు 2 నిమిషాలు. ఖ నుండి చ కు 2, జ కు 8 నిమిషాలు. సమీపమని క ను చ కు పంపితే ఖ జ కు పోవలెను. మొత్తం 9 నిమిషాలు. తారుమారు చేస్తే 4 నిమిషాలే. కనుక ప్రతి వాహనానికీ విడిగా మేలైనది అందరికీ మేలైనది కానక్కరలేదు. అందువలన అన్ని వాహనాలనూ కలిపి ఏకఘాత ప్రణాళికగా సాధిస్తారు. ఆదా అయ్యేది స్టేషనులో వేచియున్న ప్రయాణీకుని కాలమే.