డబ్బా దొరికిందా... నిజమే రాయి!

చేతిలో ఫోను. తెరమీద రెండు వరుసల అంకెలు. ఎక్కడో చెట్టు తొర్రలో ఓ చిన్న డబ్బా. కష్టపడి దాన్ని పట్టుకుంటే దక్కే బహుమతి... అందులోని పుస్తకంలో పేరు రాసుకునే అవకాశం! అంతే. ‘జియోక్యాషింగ్’ అనే ఈ ఆటకి అంపైరు ఉండడు. చూసేవాళ్లూ ఉండరు. ఆడినవాళ్లు రాసిన మాటే సాక్ష్యం.

16 డిగ్రీల 26 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 46 నిమిషాల తూర్పు రేఖాంశం. సైన్సు పాఠం అనుకునేరు... బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలో తగిలే మన కంకిపాడు చిరునామా ఇది! ఇంచుమించు లెక్కే లెండి. ఎందుకంటే అక్షాంశంలో ఒక్క నిమిషమంటే నేలమీద 1.85 కిలోమీటర్లు. అదే నిమిషాన్ని వెయ్యి భాగాలు చేసి చెబితే? ఒక్కో భాగం రెండు మీటర్ల లోపే. ఊరిని కాదు, ఊళ్లోని ఫలానా వేపచెట్టునే చూపించొచ్చు. జియోక్యాషింగ్ నడిచేది ఈ లెక్కమీదే. ఒకరు డబ్బా దాచి అంకెలు చెబుతారు. మిగతావాళ్లు జీపీఎస్ సాయంతో వెతుక్కుంటూ వెళ్తారు. ‘క్యాష్’ అంటే డబ్బు గుర్తొస్తుంది కానీ, ఇది దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.

అమెరికాలో ఉంటున్న కొడుకు కుటుంబం సెలవులకి కంకిపాడు వచ్చిందనుకోండి. అక్కడ ఈ ఆట అలవాటైన మనవరాలు ‘పద తాతయ్యా, డబ్బా వెతుకుదాం’ అంటూ పెద్దాయన్ని కాలువ గట్టుకి బయల్దేరదీసింది. గంట గడిచింది. చెమటలు కారాయి, చీమలు కుట్టాయి, డబ్బా మాత్రం కనిపించలేదు. ‘దొరికిందని రాసేద్దామా తాతయ్యా, ఎవరు చూడొచ్చారు?’ అందా పిల్ల. ఏం చెప్పాలి? తాతయ్యకే కాదు, పాతికేళ్లుగా ఈ ఆట ఆడుతున్న వాళ్లందరికీ ఎదురైన ప్రశ్నే అది.

బకెట్టుతో మొదలు

ఈ ఆటకి ముహూర్తం కుదిరింది 2000 మే 2న. అంతవరకూ అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతాల్ని కావాలనే మసకబార్చేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ రోజు ఆ ముసుగు తీసేశారు. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంటు ఓ బకెట్టు దాచిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాల్ని ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో పుస్తకాలూ సాఫ్ట్‌వేరూ ఓ ఉండేలూ ఓ బీన్స్ డబ్బా... వాటితోపాటు నోటు పుస్తకం, పెన్సిలు. ‘ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి, పుస్తకంలో రాయండి’ అన్నది షరతు. మైక్ టీగ్ అనే ఆయన మూడు రోజుల్లోనే దాన్ని పట్టుకున్నాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద ఇలాంటివి 30 లక్షలకు పైనే ఉన్నాయి. మన దేశంలో ఆడేవాళ్లు తక్కువే.

అల్మర్ బకెట్టులోని సామాన్ల సంగతెలా ఉన్నా, ఆటని నిలబెట్టింది మాత్రం ఆ నోటు పుస్తకమే. నేటికీ డబ్బా ఉన్న ఆటలో మొదటి సూత్రం ఒక్కటే. పుస్తకంలో పేరు పడితేనే ‘దొరికింది’ అని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. దూరం నుంచి డబ్బా చూశాం, చెట్టెక్కలేక వచ్చేశాం అంటే కుదరదు. పుస్తకంలో పేరు లేదని తేలితే ఆ నమోదుని తీసేసే హక్కు డబ్బా పెట్టిన యజమానికి ఉంది.

ఇంట్లో కూర్చునే...

మరి మోసాలు జరగవా అంటే... భేషుగ్గా జరుగుతాయి. దీన్లో డబ్బు లేదు, కప్పు లేదు. అయినా ‘వెయ్యి డబ్బాలు పట్టాను’ అని చెప్పుకోవాలన్న కోరిక చాలు, అడ్డదారులు వాటంతటవే పుట్టుకొస్తాయి. వాటిలో ఒకటి పడక్కుర్చీ వేట. ఇల్లు కదలకుండానే ‘దొరికింది’ అని రాసేసుకోవడం. 2004లో మొదలైన ఎర్త్‌క్యాష్‌లకి ఈ బెడద ఎక్కువ. వాటికి డబ్బా ఉండదు. ఓ కొండ దగ్గరికో నది ఒడ్డుకో వెళ్లి, అక్కడి రాతినీ మట్టినీ గమనించి ప్రశ్నలకు జవాబులు పంపాలి. ఫొటోలు చూసి జవాబులు ఊహించేవాళ్లు ఉండనే ఉన్నారు.

రెండోది ఇంకాస్త తెలివైన మోసం. వెతికినా దొరక్కపోతే, ‘పోయినట్టుంది పాపం’ అంటూ జేబులోంచి కొత్త డబ్బా తీసి అక్కడ పెట్టి, అందులోనే సంతకం చేసి, ‘దొరికింది’ అని రాయడం. పైకి ఇది ఉపకారంలానే కనిపిస్తుంది. కానీ అసలు డబ్బా అక్కడే భద్రంగా ఉంటే? ఒకే చోట రెండు డబ్బాలు తయారవుతాయి. తర్వాత వచ్చినవాళ్లు ఏది అసలుదో తెలియక తలపట్టుకుంటారు.

ఒక్క అబద్ధంతో కొంపలేం మునుగుతాయి అనిపిస్తుంది. కృష్ణా డెల్టా వాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. కాలువ లాకు దగ్గర లస్కరు నీటి మట్టం చూసి పుస్తకంలో రాయాలి. చూడకుండా నిన్నటి అంకే వేసేస్తే ఆ పూటకి ఎవరికీ తెలియదు. తెలిసేది ఎక్కడో చివరి ఎకరంలో నీళ్లకోసం ఎదురుచూసే రైతుకి. ఇక్కడా అంతే. వరదకి డబ్బా కొట్టుకుపోయిందనుకోండి. వరసగా రెండు మూడు ‘దొరకలేదు’లు కనిపిస్తే యజమాని వెళ్లి చూసుకుంటాడు. మధ్యలో ఒక్కరు దొంగ ‘దొరికింది’ రాసినా ఉందనుకుని ఊరుకుంటాడు. ఆ మాట నమ్మి ఆదివారం పూట పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన కుటుంబం ఎండలో తిరిగి తిరిగి ఉత్త చేతులతో పోతుంది. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు ‘దొరకలేదు’ అని రాయడాన్ని ఓటమిగా అనుకోరు. నిజానికి తర్వాత వచ్చేవాళ్లకి ‘దొరికింది, థాంక్స్’ అన్న ముక్తసరి మాటకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

బొమ్మ తీస్తే బొమ్మ

సంతకం ఒక్కటే కాదు, మర్యాదలు ఇంకా ఉన్నాయి. డబ్బాలోంచి బొమ్మ తీసుకుంటే అంతే విలువున్నదో, ఇంకాస్త ఎక్కువదో పెట్టాలి. కారు బొమ్మ పట్టుకుపోయి చిరిగిన బస్సు టిక్కెట్టు పడేస్తే తర్వాత వచ్చే పిల్లల మొహాలు ఎలా ఉంటాయి? తినుబండారాలు పెట్టకూడదు. మన వాతావరణంలో అయితే చీమలూ ఎలుకలే ముందు ఆడేస్తాయి ఆ ఆట! నంబరు బిళ్ల తగిలించిన వస్తువులు కొన్ని డబ్బాలో కనిపిస్తుంటాయి. అవి ఊరూరా ప్రయాణించాల్సినవి. తీసుకున్నవాళ్లు త్వరగా ఇంకో డబ్బాలోకి చేర్చాలి తప్ప షోకేసులో పెట్టుకోకూడదు.

ఆట తెలియనివాళ్లని ‘మగుల్స్’ అంటారు... హ్యారీ పోటర్ నవలల్లో మంత్రాలు రానివాళ్ల పేరది. వాళ్ల కంటపడకుండా డబ్బా తీయాలి, ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టాలి. సరదాగానే ఉంటుంది కానీ, దొంగచూపులు చూస్తూ పొదలో చెయ్యిపెట్టే మనిషిని జనం ఏమనుకుంటారు? 2011 జులైలో ఇంగ్లండులోని వెథర్బీ అనే చిన్న పట్టణంలో ఓ కేఫ్ దగ్గర పెట్టిన ఆటడబ్బాని బాంబనుకున్నారు. వీధి ఖాళీ చేయించి, సైన్యాన్ని పిలిచి పేల్చేశారు. కాబట్టి రైల్వేస్టేషన్లూ వంతెనలూ బడుల జోలికి పోకుండా, స్థలం ఎవరిదైతే వాళ్లని అడిగే పెట్టాలి. డబ్బామీద ఇదేమిటో అందరికీ అర్థమయ్యేలా రాయాలి... మన ఊళ్లో అయితే తెలుగులోనే. స్థలం యజమాని ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప గొయ్యి తీసి పూడ్చకూడదు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి.

డబ్బా లేకుండానే

మన చుట్టుపక్కల డబ్బాలు తక్కువన్న బెంగ అక్కర్లేదు. దీనికి అన్నలాంటి కాలక్షేపం ఒకటుంది. 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికన్ మొదలుపెట్టిన ‘డిగ్రీ కన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్టు’. అక్షాంశమూ రేఖాంశమూ రెండూ పూర్ణ సంఖ్యలయ్యే చోటికి వెళ్లి రావడమే పని. భూగోళం మీద అలాంటి బిందువులు ధ్రువాలతో కలిపి 64,442. ఎక్కువభాగం సముద్రంలోనే. కంకిపాడు చుట్టూ మాత్రం నాలుగూ నేలమీదే ఉన్నాయి. కోదాడకు తూర్పున ఒకటి, చింతలపూడి దగ్గర్లో ఒకటి, బల్లికురవ వైపు మరొకటి. నాలుగోది 16 ఉత్తరం, 81 తూర్పు... కృష్ణమ్మ సముద్రంలో కలవడానికి కాస్త ముందు, అవనిగడ్డ, కోడూరు ప్రాంతంలో. కంకిపాడు నుంచి గీత గీసినట్టు వెళ్తే యాభై కిలోమీటర్ల పైచిలుకు.

ఇక్కడ సంతకానికి పుస్తకం ఉండదు. బిందువుకి వంద మీటర్లలోపు వెళ్లాలి. అంకెలు చూపిస్తున్న జీపీఎస్ తెరని ఫొటో తీయాలి, నాలుగు దిక్కులూ తీయాలి, ఎలా వెళ్లారో రాయాలి. వరిచేను అడ్డమొస్తే రైతుని అడిగి, గట్టుమీదే నడవాలి. చేలో నీళ్లున్నాయనో, రైతు వద్దన్నాడనో దూరంనుంచే వెనుదిరిగితే? ఆ సంగతే రాయొచ్చు. చేరలేకపోయిన ప్రయత్నాలకూ ఆ ప్రాజెక్టులో చోటుంది.

ఇక కాలువ గట్టుమీది తాతా మనవరాలి సంగతి. ఆ పిల్ల ఫోనులో రాయాల్సింది ఇంతే... ‘దొరకలేదు. మేమిద్దరం గంటసేపు వెతికాం. చెట్టుకి తూర్పువైపు మట్టి జారిపోయి ఉంది, అక్కడ జాగ్రత్త. ఎర్రచీమలున్నాయి. తాతయ్య రేపు పొద్దున్నే ఇంకోసారి వద్దామన్నాడు.’