సంతానలేమి: బాధ ఇద్దరిది, నింద ఒకరికే

తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా సూరత్‌లో స్థిరపడి ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. అయితే ఊరు మారినా, పెళ్లైన ఏడాదికే మొదలయ్యే "విశేషమేమైనా ఉందా?" అనే ప్రశ్న మాత్రం మారదు. దానికి జవాబు చెప్పుకోవలసింది ఎక్కువగా కోడలే.

వైద్యశాస్త్రం మాత్రం ఆ ప్రశ్నను ఇద్దరినీ అడుగుతుంది. గర్భనిరోధక సాధనాలేవీ లేకుండా 12 నెలలు కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. ప్రపంచ వ్యాప్తంగా ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెల్లడించింది. ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది.

ఆమెకు నెలనెలా దుఃఖం

నెలసరి వచ్చిన ప్రతిసారీ ఆశ కూలిపోతుంది. సీమంతాలకు, బారసాలలకు వెళ్లాలంటే భయం వేస్తుంది. ఐవీఎఫ్ చికిత్సలో పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టాక ఫలితం కోసం వేచి ఉండే సుమారు రెండు వారాలు మరీ కష్టం. సంతానలేమితో బాధపడే స్త్రీలలో ఆందోళన, కుంగుబాటు క్యాన్సర్, గుండె జబ్బు రోగులలో కనిపించే స్థాయిలోనే ఉన్నాయని అమెరికాలో 1993లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

అతనిది మౌనం

పిల్లలు లేని స్త్రీని మన భాష 'గొడ్రాలు' అంటుంది. పురుషుడి విషయంలో మాట ఏకంగా మగతనం మీదికి పోతుంది. నిజానికి వీర్యకణాల సంఖ్యకు, లైంగిక సామర్థ్యానికి నేరుగా సంబంధం లేదు. దాంపత్యం సజావుగా సాగుతున్నా కణాలు తక్కువగా ఉండవచ్చు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది పరీక్షకు వెనకాడతారు. లోపలి బాధ కోపంగానో, మద్యంగానో, ఇంటికి ఆలస్యంగా రావడంగానో బయటపడుతుంది. డాక్టర్ చెప్పిన తేదీలకే కలవాలన్న ఒత్తిడితో కొందరికి తాత్కాలికంగా అంగస్తంభన సమస్య కూడా వస్తుంది.

"టెన్షన్ పడకు, అదే వస్తుంది" నిజమేనా?

ఈ సలహా మంచి మనసుతో చెప్పినా, తప్పంతా ఆమె మనసుదే అన్న అర్థాన్ని మోస్తుంది. 3,583 మంది స్త్రీలపై జరిగిన 14 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక నివేదిక ప్రచురించారు. చికిత్సకు ముందున్న మానసిక ఒత్తిడి ఆ విడత ఫలితాన్ని దెబ్బతీయదని అందులో తేలింది. అయితే ఒత్తిడిని పట్టించుకోనక్కర్లేదని దీని అర్థం కాదు. చాలామంది చికిత్సను మధ్యలోనే మానేయడానికి మానసిక భారం ఒక ముఖ్య కారణం.

ఏం చేయాలి?

వీర్య పరీక్ష సులభమైనది, కోత, సూది అవసరం లేనిది. అందుకే భార్యకు వరుసగా పరీక్షలు చేయించే ముందే, లేదా వాటితో పాటే, భర్త కూడా చేయించుకోవాలి. ఒక్క ఫలితం బాగోలేదని కుంగిపోనక్కర్లేదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, జ్వరం వంటి కారణాలతో తగ్గిన సంఖ్య తర్వాత పెరగవచ్చు. వైద్యులు సాధారణంగా పరీక్షను మరోసారి చేయిస్తారు.

కౌన్సెలింగ్ అడిగి తీసుకోవాల్సిన దయ కాదు. చికిత్స పర్యవసానాలు, విజయావకాశాల గురించి క్లినిక్‌లు నిపుణుల కౌన్సెలింగ్ ఇవ్వాలని 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం చెబుతోంది. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడిని కలవాలి. చనిపోవాలనే ఆలోచనలు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు దేశంలో ఎక్కడి నుంచైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సొంతూరికి దూరంగా ఉన్నవారు తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక బంధువులు చేయగల సాయం ఒకటుంది. ఆ ప్రశ్న అడగడం మానేయడం.