రాత్రి ప్రయాణము: కారు ముందుదీపములు



మా భవానీపురము బెజవాడకు పడమటి కొసన, కృష్ణ ఒడ్డున ఉన్నది. హైదరాబాదునుండి వచ్చు పెద్దరోడ్డు ఇబ్రహీంపట్నము, గొల్లపూడి దాటి మా ముంగిట నుండియే ఇంద్రకీలాద్రి వైపు సాగును. ప్రొద్దుగూకిన పిదప ఆ రోడ్డు ప్రక్క నిలిచి చూచినచో ఒక సంగతి తెలియును. వచ్చు బండ్లలో కొన్నిటి దీపములు త్రోవను చూపును. కొన్నిటి దీపములు మన కన్నులను పొడుచును. ఈ భేద మెందువలన కలుగుచున్నది? కారునకు బల్బు కొనునప్పుడు ఏమి చూడవలెను? ఈ సంగతులను నేడు మనవి చేసెదను.

ఇది కార్లు తోలు కుర్రవారి విషయము, మనకేల అని పెద్దలు తలపవలదు. ఇరువది యేండ్ల వాని కంటిలోనికి ప్రవేశించు వెలుతురులో సుమారు మూడవ వంతు మాత్రమే అరువది యేండ్ల వాని కంటి లోపలిపొరను చేరునని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మిరుమిట్లు గొన్న చూపు తిరిగి తేరుకొనుటకును వయస్సు ముదిరిన కొలది ఎక్కువ కాలము పట్టును. రాత్రివేళ గుడినుండియో పొలమునుండియో రోడ్డువార నడచివచ్చువారు తరచుగా పెద్దలే. కావున మంచి దీపము వలని మేలును, చెడు దీపము వలని కీడును మొట్టమొదట సోకునది మనకే.

పూర్వము ఎడ్లబండి ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడదీసెడివారు. మొదటి మోటారుకార్లకు కార్బైడు దీపములు ఉండెడివి. నీరు తగిలిన కార్బైడునుండి పుట్టు వాయువును వెలిగించి ఆ మంటతో త్రోవ చూచెడివారు. విద్యుద్దీపములు ఆ తరువాత వచ్చినవి. నేడు అనేక కార్లలో కనబడు హాలొజెను బల్బు 1962లో ఐరోపా ఖండమున కార్లకు వాడుకలోనికి వచ్చెను. సాధారణపు బల్బులో టంగ్‌స్టను తీగె కాగి, ఆవిరియై, గాజునకు అంటుకొని దానిని నల్లబరచును. హాలొజెను బల్బులో కొద్దిపాటి అయొడీనో బ్రోమీనో ఉండి, ఆ యావిరిని పట్టి మరల తీగె కడకే చేర్చును. అందువలన గాజు నల్లబడదు, తీగెను మరింత వేడిగా మండింపవచ్చును, వెలుగు హెచ్చును.

మన దేశపు కార్లలో మిక్కిలి వాడుకలోనున్నది హెచ్-4 అను రకము. దీనియందు తీగెలు రెండు. ఒకటి దూరపు వెలుగునకు, 60 వాట్లు. రెండవది దిగువ వెలుగునకు, 55 వాట్లు. ఈ దిగువ వెలుగునే మన డ్రైవర్లు డిమ్ము అందురు. దిగువ వెలుగు తీగె క్రింద చిన్న లోహపు దొన్నె యొకటి ఉండును. అది వెలుగును వెనుకనున్న అద్దపు క్రింది సగమునకు పోనీయక అడ్డగించును. ఆ సగమునకు తగిలిన వెలుగు మీదికి లేచి ఎదుటివాని కంటిలో పడును గదా! బల్బును, అద్దమును, తీగె యుండు చోటును ఒకదాని కొకటి సరిపోవునట్లు కొలచి చేసినారు. ఈ మాట మరువకుండినచో తక్కిన దంతయు సులభముగా బోధపడును.

వెలుగు చాలలేదనగానే మనకు తోచు మొదటి ఉపాయము పెద్ద బల్బు. నేనును ఆ మోజులో పడినవాడనే. కొన్నియేండ్ల క్రిందట 60 వాట్లవి తీయించి 100 వాట్లవి వేయించితిని. నెల తిరుగకముందే ఒక రాత్రి కాలువగట్టు మీద పోవుచుండగా కాలిన వాసన వచ్చెను. రెండు దీపములును ఒక్కసారిగా ఆరిపోయెను. ప్రక్కన నిండు కాలువ, గట్టునకు పిట్టగోడ లేదు. నా ప్రక్కన కూర్చున్న మా పెదనాన్నగారు “బండి ఆపరా, ఇక అంగుళము కదపకు” అని, తలుపు తెరచి చేతికర్రతో నేల తడవి చూచిరి. చక్రమునకును గట్టు అంచునకును మూరెడు ఎడము మాత్రమే ఉండెను. మరునాడు విప్పి చూడగా తీగెల కొసనున్న తొడుగు కరగి ముద్దయై యున్నది.

కారణము లెక్కలోనే ఉన్నది. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద 10 ఆంపియర్ల విద్యుత్తును లాగును. 100 వాట్లవి రెండు దాదాపు 17 ఆంపియర్లు లాగును. పాత తీగెలు, స్విచ్చి, తొడుగు ఆ భారమునకు చేసినవి కావు. అద్దము పూతయు ఆ వేడికి చెడును. పైగా ఎదుటివానికి కండ్లు కనబడవు.

మరి చేయదగిన దేమి? మొదట ఉన్న బల్బునకు చేరవలసిన విద్యుత్తు చేరుచున్నదా అని చూడవలెను. తీగెల కొసలు త్రుప్పుపట్టినను, ఎర్తు వదులైనను, దారిలో వోల్టులు తరుగును. వోల్టులు పదింట ఒక వంతు తరిగినచో వెలుగు ఇంచుమించు పదింట మూడు వంతులు తరుగును. కాబట్టి మెకానిక్కుచేత ఇంజను నడుచుచుండగా బల్బు కడనే వోల్టులు కొలిపించుడు. తక్కువైనచో కొసలు శుభ్రము చేయించి, బ్యాటరీనుండి ఫ్యూజుతో కూడిన మంచి తీగెను, రిలేను వేయించుడు. పెద్ద బల్బు వలన రావలెనని కోరిన వెలుగులో చాలభాగము దీనితోనే వచ్చును. దీపము మీది ప్లాస్టికు ముఖము పచ్చబడి మసకబారినచో మెరుగుపెట్టించుడు.

అటుపిమ్మట బల్బు మార్చదలచినచో అవే వాట్లు గల మేలురకపు హాలొజెను బల్బు కొనుడు. వీనిలో తీగెను మరింత బిగువుగా చుట్టి, త్రోవమీద పడు వెలుగును హెచ్చించెదరు. అయితే ఆయుర్దాయము తగ్గును. రెండు బల్బులను జతగా మార్చుడు. గాజును వ్రేళ్లతో తాకరాదు. చేతి జిడ్డు అంటిన చోట వేడి హెచ్చి గాజు పగులును. పొరపాటున తాకినచో స్పిరిటుతో తుడువవలెను.

నీలిరంగు పూసిన బల్బులు చూచుటకు తెల్లగా నుండును గాని, ఆ పూత కొంత వెలుగును తినివేయును. ధనుర్మాసపు తెల్లవారుజామున మన డెల్టాలో మంచు కమ్మినప్పుడు దూరపు వెలుగు వేసినచో మంచుబిందువుల మీద పడి మన కంటికే తిరిగివచ్చును. అట్టియెడ దిగువ వెలుగుతో మెల్లగా పోవుటయే క్షేమము.

ఇక ఎల్.ఇ.డి. బల్బుల మాట. కారుతోనే వచ్చిన ఎల్.ఇ.డి. దీపములు తమ అద్దములకు తగినట్లు చేసినవి. వానికి వంక పెట్టనక్కరలేదు. హాలొజెను బల్బు తీసి ఆ స్థానమున పెట్టు ఎల్.ఇ.డి. బల్బు సంగతి వేరు. అందు వెలుగు పుట్టుచోటు తీగె ఉన్నచోటికి సరిగా కుదురనిచో అద్దము దానిని చెదరగొట్టును. మన బండి ముంగిట నేల తళతళలాడును, దూరము చీకటిగానే ఉండును, ఎదుటివాని కన్నులు మాత్రము చెదరును.

దీపము గురి మరియొక ముఖ్య విషయము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 106వ నియమము, ముందుదీపముల వెలుగు క్రిందికి వంగి యుండవలెననియు, 8 మీటర్ల దూరమున ఒకటిన్నర మీటరు ఎత్తుననున్న కంటికి మిరుమిట్లు గొలుపరాదనియు చెప్పుచున్నది. దీనిని ఇంటికడనే పరీక్షింపవచ్చును. ఎప్పటివలె మనుష్యులను, సామాను నెక్కించి, చదునైన నేలపై గోడకు 25 అడుగుల దూరమున బండి నిలుపుడు. దీపముల నడిమి యెత్తును గోడమీద సున్నముతో గీయుడు. దిగువ వెలుగు పై అంచు ఆ గీతకు బెత్తెడు క్రిందుగా నుండవలెను. మనము ఎడమప్రక్కన పోవువారము గనుక అంచు ఎడమవైపున కొంచెము లేచి, కుడివైపున అణగి యుండుట సరి. గీత దాటి మీదికి పోయినచో మెకానిక్కుచేత దింపించుడు. ఇందు ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది.

ఎంత మంచి దీపమైనను వేగమునకు లోబడియే ఉండును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి, అపాయము కనబడి కాలు బ్రేకు మీదికి పోవు ఒకటిన్నర సెకండులోనే 25 మీటర్లు పోవును. ఆగుటకు మరి 23 మీటర్లు పట్టును. 80 కిలోమీటర్లైనచో మొత్తము 74 మీటర్లగును. దిగువ వెలుగులో నల్లని గేదెగాని, మాసిన పంచె కట్టిన మనిషిగాని కనబడు దూరము సాధారణముగా 50 మీటర్ల లోపలనే. అనగా వేగము 60 దాటినచో, కనబడిన వెనుక ఆపుటకు వ్యవధి యుండదు. వెలుగు చూపినంత మేరలో ఆపగలిగిన వేగమే రాత్రివేళ తగిన వేగము.

ఎదుట బండి వచ్చునప్పుడు దిగువ వెలుగునకు దింపుట మర్యాద మాత్రమే కాదు. కండ్లు చెదరినవాడు మన మీదికే రాగలడు. వాడు దింపకున్నను మనము పంతమునకు పోరాదు. చూపును రోడ్డు ఎడమ అంచు మీద నిలిపి, వేగము తగ్గించి పోవలెను.

పెద్దలు తమ ఇండ్ల కుర్రవారికి ఈ నాలుగు మాటలు చెప్పవలెనని నా ప్రార్థన. గ్రామములోని బండ్లకు, ట్రాక్టరు ట్రక్కులకు వెనుకవైపున వెలుగు పడగానే మెరయు ఎర్రపట్టీలు అంటింపించినచో మంచి దీపమునకు మంచి తోడగును. మన దీపము మనకు త్రోవ చూపవలెను, ఎదుట వచ్చువానికి త్రోవ మాపరాదు. ఆ వచ్చువాడు మన ఊరివాడే కావచ్చును, మన యింటివాడే కావచ్చును.