కిలోన్నర ఉప్పు లెక్క

మన ఒంట్లో రోజుకు కిలోన్నర ఉప్పు వడపోతకు వెళ్తుందని చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. కాగితం మీద లెక్క వేసి చూస్తే నిజమే. రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. అంటే రోజుకు 180 లీటర్లు. ఒక్కో లీటరులో 140 మిల్లీమోల్‌ల సోడియం. దాన్ని ఉప్పు బరువులోకి మారిస్తే దాదాపు 1,475 గ్రాములు, కిరాణా కొట్టు లెక్కలో ఒకటిన్నర ప్యాకెట్టు.

తినేది చూస్తే పది గ్రాములకు అటూఇటూ. మరి కిలోన్నర ఎక్కడిది? ఉన్న ఉప్పే. ఒంట్లో ప్లాస్మా మొత్తం సుమారు 3 లీటర్లు. అదే రోజుకు 60 సార్లు వడపోతకు వచ్చి పోతుంది. 180 లీటర్లలో చివరికి మూత్రంగా బయటపడేది ఒకటిన్నర లీటరు. మిగిలినదంతా దారిలోనే వెనక్కి మళ్లుతుంది.

ఉప్పును వెనక్కి లాగే పని తొంభై శాతం దాకా కిడ్నీ నాళాల మొదటి మలుపుల్లోనే అయిపోతుంది. హార్మోన్లు గట్టిగా బేరమాడేది చివర మిగిలిన కొసరు మీద. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టెరాన్‌నే తీసుకోండి. వడపోతకు వచ్చిన సోడియంలో దాని అదుపులో ఉండేది 2 శాతమే. కానీ కిలోన్నరలో 2 శాతం అంటే 30 గ్రాములు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లో కణాల బయట ఉండే నీటిదీ దాదాపు అదే పాళం. 9 గ్రాముల ఉప్పు లోపల నిలిచిపోతే, ఆ పాళం చెడకుండా లీటరు నీరు కూడా తోడు నిలుస్తుంది. ఆ లెక్కన 30 గ్రాములకు 3 లీటర్ల పైమాటే, మొత్తం ప్లాస్మా అంత. కొసరు అనుకున్నది అసలుతో సమానమైంది. బీపీ కథలో పెద్ద భాగం ఈ కొసరు దగ్గరే నడుస్తుంది.

ఆల్డోస్టెరాన్‌ను పిలిచేది ఎవరు? మళ్లీ కిడ్నీయే. తనకు వచ్చే రక్తంలో ఒత్తిడి తగ్గినా, ఉప్పు తగ్గినా కిడ్నీ రెనిన్ అనే ఎంజైమును వదులుతుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపిన ఒక పెద్ద ప్రొటీన్ నుంచి రెనిన్ 10 అమైనో ఆమ్లాల ముక్కను కత్తిరిస్తుంది. ఆ ముక్క ఊపిరితిత్తుల మీదుగా పోతున్నప్పుడు ఏసీఈ అనే మరో ఎంజైము ఇంకో రెండింటిని తీసేస్తుంది. మిగిలిన 8 అమైనో ఆమ్లాల గొలుసు పేరు యాంజియోటెన్సిన్-2. దాని ఆయుష్షు నిమిషానికి అటూఇటూ. ఆ కాస్త వ్యవధిలోనే రక్తనాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, అడ్రినల్ గ్రంథికి కబురు పెడుతుంది. ఆల్డోస్టెరాన్ మాత్రం నిదానం. కణాల్లో కొత్త ప్రొటీన్లు తయారు చేయించాలి కాబట్టి దాని పని కనబడటానికి గంట, ఆ పైన పడుతుంది.

రెనిన్ కథ వింటే జాలేస్తుంది. 1898లో స్టాక్‌హోంలో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ రసాన్ని వేరే కుందేళ్లకు ఎక్కించి, బీపీ పెరగడం చూసి ఆ పదార్థానికి పేరు పెట్టారు. తర్వాత ముప్ఫై ఆరేళ్లు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1934లో క్లీవ్‌లాండ్‌లో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనులకు వెండి బిగింపులు వేసి బీపీ పెంచి చూపించాక గానీ మళ్లీ వెలుగులోకి రాలేదు. ఆ తర్వాత బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక బృందం, ఇండియానాపొలిస్‌లో ఒక బృందం విడివిడిగా అదే హార్మోన్‌ను కనిపెట్టి చెరో పేరూ పెట్టాయి: హైపర్‌టెన్సిన్, యాంజియోటోనిన్. పేచీ 1958 దాకా సాగి, రెండింటినీ చెరి సగం కలిపితే తీరింది. యాంజియోటెన్సిన్ అలా వచ్చింది.

ఇదంతా ఉప్పు సంగతి. నీటి పెత్తనం వేరే చేతిలో ఉంది: 9 అమైనో ఆమ్లాల వాసోప్రెసిన్. మెదడులోని హైపోథాలమస్ తయారుచేస్తే పిట్యూటరీ గ్రంథి వదులుతుంది. రక్తంలో కరిగిన పదార్థాల గాఢత మామూలుగా కిలోకు 285 నుంచి 295 మిల్లీఆస్మోల్‌ల మధ్య ఉంటుంది. అది 1 శాతం పెరిగితే చాలు, మెదడు పసిగడుతుంది. అదే రక్తం పరిమాణం తగ్గితే, దాదాపు 10 శాతం తగ్గేదాకా ఈ హార్మోన్ గట్టిగా కదలదు. వాసోప్రెసిన్ పుష్కలంగా ఉంటే మూత్రం 1,200 మిల్లీఆస్మోల్‌ల దాకా చిక్కబడి, రోజుకు అర లీటరుతో సరిపెట్టుకోవచ్చు. అసలు లేకపోతే రోజుకు 15, 20 లీటర్లు పోయే జబ్బు ఒకటుంది. మద్యం ఈ హార్మోన్‌ను అణచేస్తుంది. తాగినవాడు మాటిమాటికీ లేచి వెళ్లడం అందుకే.

రెంటచింతల ఎండలో పలుగు పట్టిన మనిషికి గంటకు లీటరు చెమట పోవచ్చు, దాంతోపాటు ఉప్పూ పోతుంది. మంచినీళ్లు మాత్రమే తాగుతూ పోతే రక్తం పలచబడుతుంది. ఉప్పు తగ్గిందన్న సంగతి వదిలేసి, నీరు ఎక్కువైందనుకుని మెదడు వాసోప్రెసిన్‌ను ఆపేస్తుంది. తాగిన నీరు ఒంట్లో నిలవదు. ఉప్పేసిన మజ్జిగ తేటకు మన పెద్దవాళ్లిచ్చిన గౌరవం ఉత్తినే కాదు. వారం పది రోజులు ఎండకు అలవాటు పడ్డాక ఆల్డోస్టెరాన్ చెమట గ్రంథుల దగ్గరా పిసినారితనం మొదలుపెడుతుంది. చెమటలో ఉప్పు తగ్గుతుంది.

రెనిన్, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టెరాన్, వాసోప్రెసిన్: నాలుగూ దాచిపెట్టేవే. ఖర్చు పెట్టమనేవారు లేరా? ఉన్నారు, గుండె లోపల. 1981లో కెనడాలో డి బోల్డ్ బృందం ఎలుక గుండె పైగదుల కండను నూరి ఆ రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కించింది. మూత్రంలో ఉప్పు 30 రెట్లు, మూత్రం 10 రెట్లు పెరిగాయి. రక్తం ఎక్కువై గుండె గదులు సాగినప్పుడు వెలువడే ఏఎన్‌పీ అనే ఈ హార్మోన్‌లో 28 అమైనో ఆమ్లాలుంటాయి. గుండె కూడా ఒక గ్రంథేనని అప్పుడు తేలింది. కానీ రోజువారీ జీవితంలో దాని బలం తక్కువ. దాచేవాళ్ల ముందు దాని మాట అంతగా చెల్లదు. నా ఉద్దేశంలో ఇది లోపం కాదు. ఉప్పు దొరకడమే గగనమైన కాలంలో తయారైన ఏర్పాటు ఇది.

ఆ కాలం ఎలా ఉండేదో బ్రెజిల్ అడవుల్లోని యానోమామి తెగ చూపిస్తుంది. 32 దేశాల్లో 10,079 మందిని పరిశీలించిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 1988లో వెలువడింది. యానోమామి మూత్రంలో రోజుకు 0.2 మిల్లీమోల్‌ల సోడియమే ఉంది, ఉప్పు లెక్కలో 12 మిల్లీగ్రాములు. సగటు బీపీ 95/61. వాళ్ల రక్తంలో రెనిన్, ఆల్డోస్టెరాన్ మాత్రం మెండుగా ఉన్నాయని అంతకుముందే, 1975లోనే తేలింది. ఇటు మన సంగతి చూడండి. 24 గంటల మూత్రం పరీక్షించి 2017లో ప్రచురించిన సర్వేలో ఢిల్లీ, హర్యానాల సగటు రోజుకు 8.59 గ్రాముల ఉప్పు, ఆంధ్రప్రదేశ్‌ది 9.46. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. హద్దు దాటిన ఆ నాలుగున్నర గ్రాములు అర లీటరు నీటిని పట్టి ఉంచగలవు. రోజూ తోసేయాల్సిందే. ఊరగాయ జాడీ ఒక్కదాని మీదే నెపం వేయడం నాకిష్టం లేదు. పప్పు, పులుసు, పెరుగన్నంలోకి వేసుకునేదీ ఉంది.

మీ ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే ఈ గొలుసు కనబడుతుంది. పేరు చివర ‘ప్రిల్’ ఉంటే అది ఏసీఈని ఆపేది. బ్రెజిల్‌లోని జరరాకా పాము విషం మీద సెర్జియో ఫెరేరా చేసిన పరిశోధన నుంచి పుట్టిన క్యాప్టోప్రిల్ వీటిలో మొదటిది. ‘సార్టాన్’ అయితే యాంజియోటెన్సిన్-2కు తలుపు మూసేది. స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టెరాన్‌కు అడ్డుపడేది.

ఇక్కడ ఒక్క మాట. ఆల్డోస్టెరాన్ సోడియంను వెనక్కి తెచ్చేటప్పుడు పొటాషియంను బయటికి పంపుతుంది. పై మందులు వేసుకునేవారిలో ఆ పని మందగిస్తుంది. ఇప్పుడు కొట్లలో దొరికే ‘లో సోడియం’ ఉప్పులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. బీపీ ఉందని ఆ ప్యాకెట్టు కొనాలనుకుంటే, ముందు మీ మందుల చీటీ డాక్టరుకు చూపించి అడగండి. కిడ్నీ జబ్బు ఉంటే అడగకుండా అసలు కొనకండి.