రాయపూర్ గోదాము నుండి అడవిలోని పొయ్యి దాకా

పేదలకు బియ్యం పంపడం ఒక ఎత్తు. అది చేరవలసిన ఇంటికి చేరిందో లేదో కనిపెట్టడం మరొక ఎత్తు. ఛత్తీస్‌గఢ్ అనుభవం ఇందుకు నిదర్శనం.

రాయపూర్ నుండి దక్షిణంగా సాగే జాతీయ రహదారి ధమ్తరి, కాంకేర్, కొండగావ్, జగదల్‌పూర్ పట్టణాలను దాటి, బస్తర్ అడవుల గుండా పోయి, కొంటా వద్ద శబరి నదీతీరాన తెలుగునేలను తాకుతుంది. చౌకబియ్యం మోసే లారీలకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పసుపురంగు వేయించింది. అది అలంకారం కోసం కాదు. ఆ లారీలో ఉన్నదేమిటో దారిన పోయే పశువుల కాపరికి సైతం తెలియాలి. అది పోవలసిన ఊరికి పోక ఏ వ్యాపారి కొట్టు ముందో ఆగితే, చూచిన ప్రతివాడూ ఇదేమిటని అడగగలగాలి.

పేదవాని అన్నాన్ని కాపలా కాయడానికి వేల కళ్లు కావాలి. ఆ కళ్లన్నీ ప్రభుత్వోద్యోగులవే కానక్కరలేదు. ఈ సత్యాన్ని గ్రహించడానికి ఆ రాష్ట్రానికి కొన్నేళ్లు పట్టింది.

సగం బియ్యం ఎటు పోయింది?

ఛత్తీస్‌గఢ్‌కు ‘వరిగిన్నె’ అని పేరు. పుష్యపూర్ణిమనాడు అక్కడి పిల్లలు ‘ఛేర్‌ఛేరా’ అంటూ ఇంటింటికీ తిరిగి కొత్త ధాన్యం అడుగుతారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి ఉదయం తినే ‘బాసీ’ మన చద్దన్నానికి తోబుట్టువు. అయినా ఆ వరిగిన్నెలోనే ఆకలి కూడా ఉంది. కోతలు ముగియగానే పొట్ట చేతపట్టుకొని వలసపోయే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి.

2000 నవంబరు 1న ఈ రాష్ట్రం ఏర్పడింది. మరుసటి సంవత్సరమే చౌకధరల దుకాణాలను నడిపే అవకాశం ప్రైవేటు వర్తకులకు లభించింది. నిజాయితీగా నడిపితే దుకాణం ఖర్చులకైనా చాలనంత తక్కువ కమీషను ముట్టేది. కనుక అంగడిలో ఎక్కువ ధరకు అమ్ముకోవాలన్న ఆశ వర్తకునికి కలగడంలో వింత లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యని చందమైంది. ఆర్థిక శాస్త్రవేత్తలు జీన్ డ్రెజ్, రీతికా ఖేరాల అంచనా ప్రకారం 2004-05లో ఆ రాష్ట్రపు చౌకబియ్యంలో దాదాపు సగం దారి మళ్లింది.

2004లో ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది. దుకాణాలను వర్తకుల నుండి తీసి గ్రామ పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా స్వయం సహాయక బృందాలకు అప్పగించింది. కమీషనును పలురెట్లు పెంచింది. ఇందులోని కిటుకు సులభం. పట్నపు వర్తకుని నిలదీయడానికి జంకే కూలిమనిషి, పక్కింటి ఆడపడుచు నడిపే దుకాణంలో తన తూకం సరిగా ఉన్నదా అని అడగగలదు.

ఏడవ తేదీ పండుగ

అటుపిమ్మట బియ్యాన్ని గోదాము నుండి దుకాణం గుమ్మం దాకా చేర్చే బాధ్యత ప్రభుత్వమే స్వీకరించింది. 2007 నుండి రైతు వద్ద ధాన్యం కొన్నది మొదలు దుకాణానికి బియ్యం పంపేవరకు లెక్కలన్నీ కంప్యూటర్లకు ఎక్కాయి. కోరిన పౌరుని సెల్‌ఫోనుకు, తన ఊరి దుకాణానికి ఏ లారీలో ఎంత సరుకు బయలుదేరిందో సందేశం వచ్చేది. ప్రతినెలా 7వ తేదీన ‘చావల్ ఉత్సవ్’, అనగా బియ్యపు పండుగ, జరిపేవారు. తేదీ అందరికీ తెలిసినప్పుడు ‘సరుకు ఇంకా రాలేదు, రేపు రండి’ అనే మాటకు తావు తగ్గుతుంది.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త కథ కాదు. కిలో రెండు రూపాయల బియ్యం ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు చేపట్టిన ఆహారహక్కు వ్యాజ్యంలో, ఆజ్ఞల అమలును కనిపెట్టడానికి 2002లో నియమితులైన ఇద్దరు కమిషనర్లలో ఒకరు ఆంధ్రప్రదేశ్‌లో వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుపడిన అధికారి ఎస్.ఆర్. శంకరన్, రెండవవారు ఎన్.సి. సక్సేనా.

ఛత్తీస్‌గఢ్ మరొక మంచి పని చేసింది. కేంద్రం గుర్తించిన పేదలతో సరిపెట్టుకొనక, 2007 నుండి ఇంకా అనేక కుటుంబాలకు బియ్యం ఇచ్చింది. ఊరిలో పదిమందికే కార్డులుంటే వారి మొర వినేవారుండరు. ఊరంతటికీ ఉంటే దుకాణం మూసిన మరుక్షణమే గగ్గోలు పుడుతుంది. 2009-10 నాటికి దారి మళ్లే బియ్యం పదోవంతుకు తగ్గిందని అదే అంచనా. 2012 డిసెంబరులో రాష్ట్ర శాసనసభ ఆహార, పోషణ భద్రతా చట్టం చేసింది. జాతీయ చట్టం వచ్చింది 2013లో.

దారి ముగిసే చోట

కాని రాయపూర్‌లో నడిచిన పద్ధతి బస్తర్ అడవిలో అలాగే నడవదు. 2012లోనే రాయపూర్ నగరవాసికి తనకు నచ్చిన దుకాణంలో సరుకు తీసుకొనే వీలు కలిగింది. ఒకే దుకాణం, అదీ కొన్ని మైళ్ల దూరాన ఉన్న అడవిపల్లెకు ఆ స్వేచ్ఛ ఏపాటిది? వానాకాలంలో దారులు మూసుకుపోయే ఊళ్లకు నాలుగు నెలల సరుకు ముందే చేరవేస్తారు. ఇంద్రావతికి ఆవలి పల్లెలవారు పడవల మీద నది దాటి బియ్యం తెచ్చుకొన్న రోజులున్నాయి. తనిఖీ అధికారి చేరలేని చోట కాపలా కాయగలిగింది ఆ ఊరివారే. అందుకే జాతీయ చట్టం నిఘాసంఘాలనూ, సామాజిక తనిఖీనీ, జిల్లాకొక ఫిర్యాదుల అధికారినీ, రాష్ట్ర ఆహార కమిషన్‌నూ ఏర్పరచింది.

కట్టుదిట్టాలు కింద ఉంటే చాలదని 2015 ఫిబ్రవరి తెలియజెప్పింది. అవినీతి నిరోధక శాఖ రాష్ట్ర పౌరసరఫరాల సంస్థపై దాడులు జరిపింది. లంచం తీసుకొని నాసిరకం బియ్యాన్ని ఆమోదించారన్న ఆరోపణ న్యాయస్థానాలకెక్కింది. దుకాణంలోని కాటాను ఊరంతా చూస్తుంది. మిల్లు నుండి వచ్చిన బియ్యం నాణ్యతను నిర్ణయించే గదిలోకి చూచేవారు కొద్దిమందే.

బస్తా బరువు, బిడ్డ బరువు

కడుపు నిండినంత మాత్రాన ఒంటికి బలం రాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం, ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లలలో తక్కువ బరువున్నవారు 2015-16లో నూటికి 37.7 మంది, 2019-21లో 31.3 మంది. ఇది సంతోషింపదగినదే. కాని అదే కాలంలో రక్తహీనత గల పిల్లలు 41.6 నుండి 67.2 శాతానికి పెరిగారు. 2012 నాటి చట్టం బియ్యంతోపాటు శనగలకు, పప్పుకు, ఉప్పుకు చోటిచ్చిన కారణం ఇదే: వట్టి అన్నంతో రక్తం పట్టదు.

ఈ లోపాన్ని కనిపెట్టేది లారీ రంగు కాదు, కంప్యూటరు కాదు. 2002లో రాయపూర్ కేంద్రంగా మొదలైన ‘మితానిన్’ పథకంలోని గ్రామ మహిళలు ఇంటింటికీ పోయి, తల్లి ఏమి తిన్నది, బిడ్డకు ఏమి పెట్టినది అని అడుగుతారు. ‘మితానిన్’ అంటే ఛత్తీస్‌గఢీలో నెచ్చెలి. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు స్ఫూర్తి ఈమే.

బస్తాను తూచడం ఛత్తీస్‌గఢ్ నేర్చుకొన్నది. దానిని నలుగురి ఎదుట తూచడమూ నేర్చుకొన్నది. మిగిలింది బిడ్డను తూచడం, ఆ అంకెను కూడా ఊరంతా తనదిగా ఎంచుకోవడం. రాయపూర్‌లో బయలుదేరిన లారీ ప్రయాణం దుకాణం ముందు ముగిసిపోదు. అది ముగిసేది అడవిలోని పొయ్యి పక్కన, తల్లి బిడ్డ నోటికి అందించే ముద్దలో.